తేరు కదులుతుంది, బిడ్డ మెదులుతుంది

“అక్కా, చలనం లేదంటే చచ్చిపోయినట్టేనా?”

పదకొండేళ్ల కిందట తిరుపతిలో నేను పనిచేసే ల్యాబ్ కౌంటర్ ముందు నిలబడి ఒక అమ్మాయి అడిగిన మాట ఇది. నగరి వైపు నుంచి వచ్చారు. భర్త మరమగ్గం మీద పనిచేస్తాడు. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. పొద్దున వీర్యపరీక్ష చేయించుకున్నారు, మధ్యాహ్నం రిపోర్టు తీసుకున్నారు. ఆయన ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, “మేడం, ఈ మోటిలిటీ సున్నా అంటే ఏంది?” అని నన్నే అడిగినాడు. వెనక క్యూ ఉంది. “చలనం లేదు” అన్నాను. డాక్టరును కలవమని చెప్పి తర్వాతి పేరు పిలిచాను.

గంట తర్వాత ఆమె ఒక్కతే మళ్లీ వచ్చింది. అతను కింద మెట్ల మీద కూర్చుని లేవడం లేదట.

ఆమె చేతిలోని కాగితం తీసుకుని రెండో పేజీ తిప్పాను. అక్కడ ఇంకో పరీక్ష ఫలితం ఉంది. కణాల్లో సగానికి పైగా బతికే ఉన్నాయని నేనే రాసి, నేనే సంతకం పెట్టాను. “చచ్చిపోలేదమ్మా. బతికే ఉన్నాయి. తోక ఆడించలేకపోతున్నాయి, అంతే” అన్నాను. ఆమె బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని గబగబా మెట్లు దిగింది.

ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. డిక్షనరీ ప్రకారం నా అనువాదంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఒక మనిషి గంటసేపు మెట్ల మీద కుప్పకూలిపోయాడు. మందుల్లో తప్పు జరిగితే మనం వెతుకుతాం, ఎక్కడ జరిగిందో రాసుకుంటాం. మాటలో జరిగినదాన్ని అట్లా ఎవరూ రాసుకోరు. అందుకే ఇది రాస్తున్నాను.

మోటిలిటీ అన్నది మోటైల్ అనే ఇంగ్లీషు మాటలోంచి వచ్చింది. దాని లాటిన్ వేరుకు అర్థం ఒకటే: కదలడం. మొబైల్ కూడా అక్కడినుంచే పుట్టింది. మొబైల్ పాత మాట. మోటైల్ 19వ శతాబ్దంలో, మైక్రోస్కోపు కింద కనిపించేవాటికి పేర్లు పెట్టుకునే రోజుల్లో, శాస్త్రవేత్తలు తయారుచేసుకున్న మాట. వాళ్లకు ఆ తేడా అవసరమైంది. మొబైల్ అంటే కదిలేది, కదల్చడానికి వీలైనది; ఎవరు కదిలించారన్న ప్రశ్న అందులో లేదు. మోటైల్ అంటే తన సొంత శక్తితో, తన సొంత అవయవంతో, తనంతట తాను కదిలేది. జేబులో పెట్టుకుని తిరుమల మెట్లెక్కితే మన ఫోను 3,550 మెట్లూ ఎక్కుతుంది. దాన్ని మొబైల్ అనడం సరిగ్గా సరిపోయింది. ఎక్కింది మాత్రం మన కాళ్లు.

తెలుగులో ఈ రెండింటికీ కలిపి మనం వాడుతున్నది చలనం. నేను ఇంటర్ తెలుగు మీడియంలో చదివాను. సూక్ష్మజీవులు కదలడానికి వాడే అవయవాల పేర్లు, శైలికలు, కశాభాలు, మిథ్యాపాదాలు అన్న మాటలు, ఇప్పటికీ నాకు ఇష్టం. కశాభం అంటే కొరడాలాంటిది అని లెక్చరర్ చెప్పిన రోజు ఆ బొమ్మ మనసులో పడిపోయింది. జంతువు ఒక చోటినుంచి ఇంకో చోటికి పోవడాన్ని గమనం అనేవాళ్లు. కశాభం ఉన్న కణం చలనసహితం, లేనిది చలనరహితం. పరీక్షకు సరిపోయేది. కానీ ఆ పుస్తకం మూసి బయటికి వస్తే, తిరుపతిలో చలనం అన్న మాట ఇంకెన్ని బరువులు మోస్తోందో కనిపిస్తుంది.

కళ్లెత్తితే శేషాచలం. అచలం అంటే కదలనిది, అంటే కొండ. గుళ్లలో చూస్తే, ఆగమాలు గర్భగుడిలో నిలిచిన మూలమూర్తిని అచలమనీ, బయటికి వేంచేసే మూర్తిని చలమనీ అంటాయి. తిరుమలలో ధ్రువబేరం ఉన్నచోట ఉంటుంది. ఉత్సవబేరమైన మలయప్పస్వామి ఉభయదేవేరులతో నాలుగు మాడవీధుల్లో తిరుగుతారు. చూసేవాళ్లకు స్వామే నడిచొస్తున్నట్టుంటుంది, నాకూ అట్లాగే ఉంటుంది, చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. అయినా ఆగమం మాటలో చలం అంటే కదల్చదగినది అనే. కింద వాహనం కాడిని భుజాన మోసేవాళ్లున్నారు.

రిజిస్ట్రారు ఆఫీసుకు పోతే స్థిరాస్తి, చరాస్తి. చరాస్తిలో బీరువాలోని గాజులూ వస్తాయి, కొట్టంలోని ఆవూ వస్తుంది. ఆవు తన కాళ్లతో నడుస్తుంది, గాజు నడవదు. కాగితం మీద రెండూ ఒకే వరుస. స్థావర జంగమ ఆస్తులు అన్నా అంతే. జంగమం అనే మాటకు నిజానికి మంచి అర్థముంది. గంట మోగించుకుంటూ ఊరూరా తిరిగే జంగం దేవర తన కాళ్ల మీద తాను నడిచేవాడు. కానీ ఆస్తిపత్రాల్లో పడి ఆ మాట కూడా పాడైంది. ఇప్పుడు రిపోర్టులో జంగమకణాలు అని రాస్తే ఎవరికీ తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు. చలనం అన్న మాటకు లేదు తగిలిస్తే వచ్చే అర్థం ఇంకో ఎత్తు. ఇంట్లో పెద్దాయన పడిపోయాడని ఫోను వస్తే మనం ఏం అడుగుతాం? చలనం ఉందా అని. లేదు అంటే బండి తీసుకుని పరిగెత్తుతాం. మన ఇళ్లలో “చలనం లేదు” ప్రాణం గురించి చెప్పే మాట. మగ్గం పనివాడికి ఆ మాట చెప్పి, అది ప్రయోగశాల అర్థంలోనే వినపడాలని నేను అనుకోవడం ఎంత అన్యాయం!

మైక్రోస్కోపు దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట నేర్పేది వేలాడే చుక్క. కవర్ స్లిప్పు అనే పల్చటి గాజుముక్క మీద బ్యాక్టీరియా ఉన్న నీటిచుక్క పెట్టి, గుంట ఉన్న స్లైడు మీద బోర్లిస్తాం. చుక్క కిందికి వేలాడుతూ ఉంటుంది. అద్దంలోంచి చూస్తే చుక్క అంచు దగ్గర కణాలు కనిపిస్తాయి. ప్రతి బ్యాచిలోనూ మొదటిసారి చూసినవాళ్లు “మోటైల్, మేడం!” అని అరుస్తారు. పదిసార్లలో సగం సార్లు అవి మోటైల్ కావు.

చుక్కలో మూడు రకాల కదలికలు ఉంటాయి. ఒకటి వాలు. స్లైడు కొంచెం ఒరిగినా, నీరు ఒక పక్క ఆరినా, కణాలన్నీ ఒకే దిక్కుకు కొట్టుకుపోతాయి. స్వర్ణముఖిలో వాన వచ్చినప్పుడు ఆకులు పోయినట్టు. రెండోది వణుకు. ఉన్నచోటే సన్నగా, ఆగకుండా అదురుతుంటాయి. మూడోదే అసలుది: ఒకటి ఇటు పోతే ఇంకొకటి అటు పోతుంది, పక్కదాన్ని దాటుతుంది, ఆగుతుంది, తిరుగుతుంది. కళ్లు అలవాటు పడేదాకా రెండోదీ మూడోదీ ఒకటే అనిపిస్తాయి.

అట్లా అనిపించడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్తకు కూడా మొదట అట్లాగే అనిపించింది. పుప్పొడిరేణువుల లోపలినుంచి వచ్చిన సన్నటి నలుసులు నీళ్లలో ఆడుతుంటే, అది ప్రాణం ఆట కాబోలనుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే మామూలు మనిషే. ఎప్పుడో ఎండిపోయిన మొక్కల పుప్పొడి తీసుకుని చూశాడు, ఆడింది. గాజు నూరి చూశాడు, ఆడింది. రాళ్లు నూరాడు. చివరికి ఈజిప్టు స్ఫింక్స్ శిల్పం ముక్కను కూడా నూరి నీళ్లలో వేశాడు, అదీ ఆడింది. వేల ఏళ్లనాటి రాతిలో ప్రాణమేముంటుంది? కనక ఆ ఆట ప్రాణానిది కాదని తేల్చాడు. నీటి అణువులు అన్ని వైపులనుంచీ గుద్దుతుంటే నలుసులు అదురుతాయని 1905లో ఐన్‌స్టైన్ లెక్క కట్టి చూపించాడు. ఆ తర్వాత జాన్ పెరాన్ ప్రయోగాలతో అది నిలబడింది.

ఈ కథ పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు శ్రీకాళహస్తి గుర్తొస్తుంది. వాయులింగం దగ్గర గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని చిన్నప్పుడు నాన్న ఎత్తుకుని చూపించాడు. ఆ మాటే చూడండి: రెపరెపలాడింది. దీపానికి ఒక మాట, ఆకుకు అల్లల్లాడింది, నీటికి తొణికింది, పైరుకు తలలూపింది. కదలికలను విడదీసి చూడటం తెలుగుకు చేతకాక కాదు. పుస్తకాల్లోకి వచ్చేసరికి అన్నింటినీ చలనం అనే ఒక్క సంచిలో వేసి మూతి కట్టేశాం.

అసలైన మూడో కదలిక ఎట్లా సాధ్యమో తెలిశాక నాకు మోటైల్ అన్న మాట మీద గౌరవం ఇంకా పెరిగింది. మన పేగుల్లో ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని ఒంటి మీద సన్నటి తోకలు. అవి చేప తోకలా ఊగుతాయని చాలాకాలం అనుకున్నారు. కాదు, చక్రంలా గుండ్రంగా తిరుగుతాయని 1973లో హోవార్డ్ బర్గ్, రాబర్ట్ ఆండర్సన్ చెప్పారు; మరుసటి ఏడాదే వేరేవాళ్ల ప్రయోగం దాన్ని కళ్లకు చూపించింది. తోక మొదట్లో, కణం గోడలో కూర్చున్న మోటారు వెడల్పు సుమారు 45 నానోమీటర్లు; నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు. బయటినుంచి లోపలికి ప్రోటాన్లు జారుతుంటే ఆ ప్రవాహంతో తిరుగుతుంది, కాలువ నీటితో తిరిగే చక్రంలాగా. తోకలన్నీ ఒక వైపు తిరిగితే జడలా కలిసిపోయి కణాన్ని ముందుకు తోస్తాయి. సెకనుకు ఒంటి పొడవుకు పదింతలు పోతుంది. ఒక సెకను సాగిన తర్వాత ఏదో ఒక మోటారు తిరగబడుతుంది, జడ విడిపోతుంది, కణం పిల్లిమొగ్గ వేసి కొత్త దిక్కు పడుతుంది. మేత ఉన్న వైపు పోతున్నప్పుడు పిల్లిమొగ్గలు తగ్గుతాయి. కళ్లులేని కణం దారి వెతుక్కునే పద్ధతి అది.

దాని పక్కనే క్షయ క్రిమిని పెట్టి చూడండి. దానికి తోక లేదు. సొంతంగా వెంట్రుకవాసి కూడా ఈదలేదు. అయినా మనిషి దగ్గుతో, బస్సుల్లో, విమానాల్లో అది పోని దేశం లేదు. క్షయ క్రిమి మొబైల్, మోటైల్ కాదు. కలరా క్రిమి రెండూనూ. ఒకే తోకతో బాణంలా దూసుకుపోతుంది, చుక్కలో ఒకసారి చూస్తే మర్చిపోలేం. ఈ రెండింటి గురించి తెలుగులో చెప్పేటప్పుడు చలనం అన్న ఒక్క మాటతో నేను ఏ తేడా చూపించగలను?

మాట నాకు పుస్తకంలో దొరకలేదు. చిత్తూరు దగ్గర మా పల్లెలో మా అవ్వ దగ్గర దొరికింది.

అవ్వకు చదువు లేదు. ఊళ్లో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఎవరు ఎదురైనా ఐదో నెల దగ్గర పడగానే ఒకే ప్రశ్న అడిగేది: “ఏమ్మా, మెదిలిందా?” మెదిలింది అవ్వా అంటే మొహం వెలిగిపోయేది. నా మొదటి కాన్పులో నన్నూ అడిగింది. ఆ ప్రశ్నలో ఉన్నదంతా నాకు ల్యాబ్‌లో ఆ అమ్మాయి వెళ్లిపోయిన కొన్నాళ్లకు, రాత్రి గిన్నెలు కడుగుతుంటే తట్టింది. తల్లి నడిస్తే కడుపులో బిడ్డ ఎట్లాగూ కదులుతుంది. పక్కకు తిరిగి పడుకున్నా కదులుతుంది. అవ్వ దాని గురించి అడగలేదు. తల్లి కదలకుండా ఉన్నప్పుడు బిడ్డ తనంతట తాను కదిలిందా అని అడిగింది. అది మెదలడం. నాకు తెలిసి మోటైల్ అన్న మాటకు ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం లేదు.

అప్పటినుంచి ఆ మాటను ఎన్నో చోట్ల పెట్టి చూశాను. బండ కదిలింది అంటాం, బండ మెదిలింది అనం. గోవిందరాజస్వామి తేరు కదిలింది. మెదిలింది అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు, తాళ్లు లాగినవాళ్లెవరో వాళ్లకు తెలుసు కాబట్టి. బియ్యంలో పురుగు మెదులుతుంది, నూక మెదలదు. మెదలకుండా కూర్చో అని పిల్లవాడిని అంటాం. మెదలగలవాడికే ఆ మాట చెప్తాం, కుర్చీకి చెప్పం. ఆలోచన మనసులో మెదులుతుంది, ఎవరూ తోయకుండా లోపలినుంచి వస్తుంది గనక. కదలక మెదలక అని రెండూ కలిపి ఎందుకంటామో కూడా అప్పుడే అర్థమైంది. చోటు మారడం ఒకటి, లోపలినుంచి పుట్టే కదలిక ఇంకొకటి. రెండూ లేవని చెప్పడానికి రెండు మాటలు కావాల్సి వచ్చాయి.

ఈ సంగతి తెలుగు చెప్పే ఒక లెక్చరర్ గారి దగ్గర ఎత్తితే ఆయన ఒప్పుకోలేదు. మెదలడం చిన్న కదలికకే చెల్లుతుంది, బాణంలా దూసుకుపోయే కలరా క్రిమిని మెదిలేది అంటే ఎట్లా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: నేను వేగానికి పేరు వెతకడం లేదు, సామర్థ్యానికి వెతుకుతున్నాను. మెదలగలిగినదే ఆ తర్వాత ఈదుతుంది, పాకుతుంది, దూసుకుపోతుంది. అన్నింటికీ ముందున్న మెట్టు అది. పైగా రెండు మైక్రాన్ల ప్రాణి ఎంత దూసుకుపోయినా మన కంటికి అది మెదలడమే.

అత్తిపత్తి సంగతేమిటని ఆయనే మళ్లీ అడిగారు. ముట్టుకుంటే ముడుచుకుంటుంది, మరి అది తనంతట తానా? ముట్టుకున్నది మన వేలు, ముడిచింది మాత్రం ఆకు కాడ మొదట్లోని కణాలు. వాటిలోంచి నీళ్లు బయటికి పోయి బిగువు తగ్గుతుంది, రెక్కలు వాలిపోతాయి. వేలు కబురు ఇచ్చింది, పని ఆకే చేసుకుంది. జగదీశ్ చంద్ర బోస్ ఎంతో మనసుపెట్టి చూసిన ఇంకో మొక్క ఉంది, డెస్మోడియం. ఎవరూ ముట్టకుండానే దాని చిన్న ఆకులు లేస్తూ వాలుతూ ఉంటాయి. వేరు నేలలోనే ఉంటుంది, మొక్క అంగుళం జరగదు. దాన్ని చలనం లేని మొక్క అనగలమా? మెదులుతోంది అంటే ఒక్క మాటలో తీరిపోతుంది. పేగుల మోటిలిటీ అని డాక్టర్లు అనేది కూడా ఇదే జాతి. పేగు ఎక్కడికీ పోదు, అన్నాన్ని తోయడానికి దాని గోడలు మెదులుతాయి.

లెక్చరర్ గారు ఇంకా ఒప్పుకోలేదు. ఫరవాలేదు. నాకు ముఖ్యమైంది రిపోర్టు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో కూర్పు మాన్యువల్ ప్రకారం వీర్యకణాలను నాలుగు రకాలుగా లెక్కపెట్టాలి: వేగంగా ముందుకు పోయేవి, నెమ్మదిగా ముందుకు పోయేవి, ముందుకు పోకుండా తోక ఆడించేవి, ఏమీ ఆడించనివి. పిల్లలు కలిగిన మగవాళ్ల నమూనాల్లో మోటిలిటీకి కింది హద్దు 42 శాతం. అంటే ఆరోగ్యంగా ఉండి తండ్రి అయినవాడిలో కూడా సగానికి పైగా మెదలకుండా ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక 45 అన్న అంకె చూసి అన్నం మానేసినవాళ్లను చూశాను. పరీక్షలో 45 మార్కులు అనుకుంటారు పాపం.

ఇక సున్నా సంగతి. మోటిలిటీ బాగా తక్కువగా ఉన్నప్పుడు బతికినవి ఎన్నో వేరేగా చూస్తాం. ఇయోసిన్ అనే ఎర్రరంగు వేస్తే చచ్చిన కణం పొర చిల్లుపడి ఉంటుంది గనక రంగు లోపలికి పోయి తల ఎర్రబడుతుంది. బతికినది రంగును రానివ్వదు, తెల్లగా నిలబడుతుంది. తెల్లతలలు ఎక్కువగా ఉండి ఒక్కటీ మెదలకపోతే లోపం తోక కట్టడంలో ఉండొచ్చు. అట్లాంటి మనుషుల కణాల తోకల్లో డైనీన్ అనే చిన్న ‘చేతులు’ లేకపోవడాన్ని స్వీడన్ శాస్త్రవేత్త బ్యోర్న్ ఆఫ్జీలియస్ 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాడు. వాళ్లలో కొందరికి ముక్కు, ఊపిరితిత్తుల్లో సన్నటి వెంట్రుకల్లా ఉండే శైలికలు కూడా సరిగా ఆడవు, అందుకే చిన్నప్పటినుంచీ దగ్గు, జలుబు వదలవు. ఒక రిపోర్టులోని సున్నా వెనక ఇంత ఉంటుంది. ఒక్క బతికిన కణాన్ని సన్నటి సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతితో 1992 నాటికే బిడ్డలు పుట్టారు. ఆ పద్ధతిలో కణం ఈదాల్సిన పనిలేదు, బతికి ఉండాలి. చలనం లేదు అన్న నా రెండు మాటలు ఆ మెట్ల మీద కూర్చున్న మనిషికి ఆ తలుపు కనపడకుండా మూసేశాయి.

అందుకని మా ల్యాబ్‌లో ఒక పని చేశాను. ఇంగ్లీషు రిపోర్టు వెనకాల తెలుగులో నాలుగు వరుసల కాగితం కుట్టిస్తున్నాను. బాగా ఈదేవి. మెల్లగా ఈదేవి. ఉన్నచోటే మెదిలేవి. మెదలనివి. దాని కింద, కావాలనే కొంచెం పెద్ద అక్షరాల్లో, బతికినవి అని ఇంకో వరుస. చలనం అన్న మాట ఎక్కడా లేదు. మొదట్లో మా ల్యాబ్ డాక్టరు గారు ఇది సైన్సు భాషలా లేదన్నారు, తర్వాత ఆయనే కన్సల్టేషన్‌లో ఆ మాటలు వాడటం విన్నాను.

కౌంటర్‌లో కూర్చునే పిల్లలకు ఒక్కటే నియమం పెట్టాను. ఎవరైనా మొదటి పేజీ మీద వేలు పెట్టి సున్నా అంటే ఏంటని అడిగితే, క్యూ ఎంత ఉన్నా, జవాబు చెప్పే ముందు కాగితం వాళ్ల చేతిలోంచి తీసుకుని రెండో పేజీ తిప్పి, బతికినవి అన్న వరుస చూపించాలి. మొన్న శనివారం కొత్తగా చేరిన అమ్మాయి అట్లాగే తిప్పి, ఆయన వేలు పట్టుకున్నంత పని చేసి ఆ వరుస మీద పెట్టించింది. “ఇవి మెదల్లేదన్నా, కానీ బతికున్నాయి. ఫస్టు ఇది చదువు” అంది.